మావయ్యగారి కోపానికి ఇంగ్లీషు పేర్లు

పెళ్లయి రెండు నెలలైనా కాలేదేమో, శ్రీరమ్యకు అత్తగారింట్లో అన్నీ ముద్దుగానే కనిపిస్తున్నాయి. కల్లం మీద ఎర్రగా పరిచిన మిరపకాయలు ముద్దుగా ఉన్నాయి. ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ వరసపెట్టి తుమ్మడం ముద్దుగా ఉంది. ఆఖరికి మామగారు రామాంజనేయులు కోపం కూడా ముద్దుగానే ఉంది.

"రామాంజనేయులు మంచోడే, నోరు తెరవనంతసేపు" అంటారు ఊళ్లో. గుంటూరులో ఇంగ్లీషు సాహిత్యంతో బి.ఏ. చదివొచ్చిన కోడలు మాత్రం, అదంతా ఒకే కోపం కాదని తేల్చింది. మిరపకాయల్ని రకాలుగా ఏరినట్టు దాన్నీ ఏరి, దేనికి దానికి ఇంగ్లీషు పేరు పెట్టింది. కాఫీ ఆలస్యమైందని చంటిపిల్లాడిలా మొహం ముడుచుకుంటే క్రాంకీ. ఎవరినీ ఏమీ అనకుండా దూలాలకేసి చూసి గొణుక్కుంటే గ్రంపీ. 'భోంచేస్తారా' అన్నా తప్పు పడితే టచీ. వీటన్నిటికీ పైది ఫ్యూరియస్. అదింకా ఆమె కంటపడలేదు.

ఈ పేర్లు ఉత్త సరదాకి పెట్టినవి కావు. ఆమెకు కొత్తపట్నం వెళ్లి సముద్రం చూడాలని ఉంది. సముద్రం ఎప్పుడూ చూడక కాదు, మొగుడు వీరబాబుతో కలిసి చూడలేదు. సోమవారం కాయలు లారీ ఎక్కి గుంటూరు యార్డుకు పోతాయి, ఆ వెంటనే రెండో కోత మొదలు. మిగిలింది ఈ ఆదివారం ఒక్కటే. అడగాల్సింది మామగారిని. ఆయన ఒకసారి "వద్దు" అన్నాడంటే మళ్లీ ఆయనే మార్చలేడు. అందుకని వీరబాబు మంచి ఘడియ చూసి అడగాలి. పెద్దవాళ్ల ముందు మొగుడితో గుసగుసలాడితే బాగుండదు కనుక, వడ్డిస్తూ వడ్డిస్తూ ఆ పూట కోపం పేరు పైకి అనేసేది.

"గ్రంపీ" అంది గురువారం, పప్పు వేస్తూ. వీరబాబు అడగబోయిన మాటను ముద్దతో పాటు మింగేశాడు.

"టచీ" అంది శుక్రవారం, మజ్జిగ పోస్తూ. వీరబాబు మజ్జిగ తాగి లేచిపోయాడు.

ఇక శనివారమే దిక్కు. ఆ పొద్దున అత్తగారు వెంకటరావమ్మతో కూర్చుని, తెల్లబారిన తాలుకాయలు ఏరి పక్కన పోసింది.

"చేతికి నూనె రాసుకుని కడుక్కో అమ్మాయ్, ఉత్త నీళ్లకి పోదు" అంది అత్తగారు.

శ్రీరమ్య ఊఁ కొట్టింది గానీ, మనసంతా సముద్రానికి ఏ చీర కట్టాలా అన్నదాని మీదే ఉంది. చేతులు నీళ్లలో ఇలా ముంచి అలా తీసింది. అంతలో మామగారు పొలం నుంచి వచ్చి కాళ్లూ మొహం కడుక్కున్నాడు. శ్రీరమ్య తీగ మీది తువ్వాలు తీసి, మడతలు సవరించి మరీ అందించింది. ఆయన తృప్తిగా మొహమంతా తుడుచుకుని పీట మీద కూర్చున్నాడు.

రెండు ముద్దలు తిన్నాడో లేదో, కళ్లు చింతనిప్పులయ్యాయి. ముక్కుపుటాలు అదిరాయి. బుస్సుమన్నాడు.

శ్రీరమ్య గరిటె గిన్నెలో పడేసింది. "ఫ్యూరియస్" అంది. మొగుడు విన్నాడో లేదోనని మళ్లీ అంది, "ఫ్యూరియస్!"

వీరబాబు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఏందిరా, తినకుండా నా మొహం చూస్తన్నావు?"

"ఏంలేదు నాన్నా."

ఆయన కళ్ల నుంచి నీళ్లు ధారగా కారాయి. కన్నీళ్లొచ్చేంత కోపాన్ని ఇంగ్లీషులో ఏమంటారో శ్రీరమ్యకు ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు.

"మంట! కళ్లు మంట! నా తువ్వాలుకి కారం పూసిందెవరే?"

వెంకటరావమ్మ పరుగున వచ్చి తువ్వాలు వాసన చూసింది. తర్వాత కోడలి చేతుల వైపు చూసింది. కోడలు చేతులు వెనక్కి దాచుకుంది.

"నూనె రాసుకోమన్నానా?"

"మర్చిపోయానత్తయ్యా."

బక్కెట్టు నీళ్లయ్యాక గానీ ఆయనకు చూపు ఆనలేదు. నీళ్లోడే మీసాలతో అరుగు మీద చతికిలబడ్డాడు.

"ఏమ్మాయ్, అన్నాల కాడ రోజూ నువ్వో మాట అంటావు, వీడు నోరు మూసుకుంటాడు. గద్దొచ్చిందని పెట్ట పిల్లలకి చెప్పినట్టు. ఏంది సంగతి?"

వీరబాబు స్తంభాన్ని చూస్తూ నిలబడ్డాడు. ఇక తప్పక శ్రీరమ్యే అంతా చెప్పేసింది, పేర్లతో సహా, సముద్రంతో సహా.

ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

"నా కోపానికి అన్ని పేర్లున్నాయా?"

"ఇంకా ఉన్నాయి మావయ్యగారూ. మీకు నప్పినవి ఇవి."

ఆయన మీసం కదిలింది. "విన్నావటే? ఇన్నాళ్లూ ఉత్త కోపం అనుకున్నాం" అన్నాడు భార్యతో, అదేదో బిరుదైనట్టు. భార్య వంటింట్లోకి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించాడు. "మరి మీ అత్తకి ఏది?"

"ఏందీ?" అంది వెంకటరావమ్మ లోపల్నుంచి.

"ఏంలేదు" అన్నారు ముగ్గురూ ఒకేసారి.

"రేపు పొద్దున్నే మొదటి బస్సుకి పోండి" అన్నాడాయన. "ఆ చేతులు ఉప్పునీళ్లలో బాగా నానబెట్టుకుని రా. చీకటి పడేలోపు ఇంట్లో ఉండాల. ఆలస్యమైందో, ఆ పెద్ద మాటుందే... ఏందిరా అది?"

"ఫ్యూరియస్ నాన్నా."

"ఆఁ. ఈసారి అసలుది చూస్తారు."

శ్రీరమ్యకు కాళ్లు నేల మీద నిలవలేదు. మామగారి మొహం ఇంకా తడిగానే ఉందని చూసి, ఆ సంబరంలో గబగబా తీగ మీది ఇంకో తువ్వాలు అందుకోబోయింది.

"ముట్టుకోబాక!" అని అరిచాడు రామాంజనేయులు.