పైన శ్రీ ఉన్న కాగితం

కోర్టులో వకీలు చూపించిన కాగితం శోభన వాళ్ళన్నే రాసినాడంట అని మునియమ్మ కుళాయి దగ్గర అన్నదట. మా ఇంటామె వచ్చి నాతో చెప్పింది. చెప్పి, చంకలో బిందె దించకుండా నా మొహం చూసింది.

"మునియమ్మకు చదువొచ్చునా?" అన్నాను.

"రాదు. అయినా పైన శ్రీ ఉందంట. ఆమె పింఛను కాగితం మీద ఉండే మాదిరే, తోక కొక్కెం మాదిరి లాగి ఉందంట."

"పనిలేని నోళ్ళు" అన్నాను.

ఆమె బిందె దించి లోపలికి పోయింది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళు.

మాది తమిళనాడులో పొదటూరుపేట పక్క ఊరు. ఇంట్లో తెలుగు, కాగితం మీద అరవం. నేను బి.ఏ. చదివినవాణ్ణి కాబట్టి పట్టా మార్పిడికీ, వితంతు పింఛనుకూ, రేషను కార్డులో పేరు ఎక్కించడానికీ ఊరంతటికీ అర్జీలు నేనే రాస్తాను. అంతా అరవంలో రాసినా, కాగితం నెత్తిన మాత్రం తెలుగులో చిన్న శ్రీ పెడతాను. మా నాయన దగ్గర పట్టిన అలవాటు. ఈ శ్యామ్‌సుందర్ శ్రీ పెట్టిన కాగితం తిరిగిరాదని ఊళ్ళో ఒక నమ్మకం. దాన్ని నేనెప్పుడూ కాదనలేదు.

శోభన నా చెల్లెలు. దాని మొగుడు పార్థిబన్‌కు కాట్టుపల్లి రేవులో కాంట్రాక్టు పని. పదిహేను రోజులకొకసారి ఇంటికొస్తాడు. వాడు వచ్చిపోయాక శోభన రెండు రోజులు కుళాయి దగ్గరికి రాదు. ఎందుకు రాదో ఊరంతటికీ తెలుసు, నాకూ తెలుసు. రెండేళ్ళ కిందట ఆడి నెలలో ఎడమ మణికట్టు విరిచాడు. బండి మీద ఆసుపత్రికి తీసుకుపోయింది నేనే. డాక్టరమ్మ "ఎట్లా తగిలింది?" అని దాన్ని అడిగితే, "పంపు దగ్గర జారింది" అని చెప్పిందీ నేనే.

శోభన ఊరుకోలేదు. చేతికట్టుతోనే ఆడవాళ్ళ పోలీసు స్టేషనుకు పోయింది. వెనకాలే నేనూ పోయాను. ఇన్‌స్పెక్టరమ్మ పార్థిబన్‌ను పిలిపించి, అందరినీ కూర్చోబెట్టింది. "కేసు కట్టమంటే కడతాను. రాజీ అంటే రాసిచ్చి పోండి. ఏమ్మా, నువ్వు చెప్పు" అని శోభనను అడిగింది. శోభన నోరు తెరిచింది. అది ఏం చెప్పబోయిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

"రాజీ మేడం" అన్నాను నేను.

ఆడి పోగానే మా అమ్మాయి వర్షితను చూడడానికి తిరువళ్ళూరు వాళ్ళు వస్తున్నారు. మేనత్త స్టేషన్లో ఉందని వాళ్ళ చెవిన పడకూడదని నా ఆత్రం. ఎవరు రాస్తారని అడగకముందే జేబులోంచి పెన్ను తీశాను. "చిన్న మాటపట్టింపు వలన ఆవేశములో వచ్చితిని. నా చేయి పంపు వద్ద జారిపడినందున విరిగినది. నా భర్త మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు." శోభన రాసినట్టుగా నేను రాశాను. చేయి అలవాటున పైన శ్రీ పెట్టేసింది.

"చేతిరాత ముత్యాలే" అన్నది ఇన్‌స్పెక్టరమ్మ. ఆ మాటకు నాకు సంతోషం కలిగింది. దాచి లాభం లేదు, కలిగింది.

శోభనకు అరవం నాకంటే బాగా చదవొస్తుంది. అయినా చదవలేదు. అన్న రాశాడు గదా అని కుడిచేత్తో సంతకం పెట్టేసింది. బయటికొచ్చాక పార్థిబన్ నాకు పొంగలూ వడా తినిపించాడు. తిన్నాను.

ఏడాది తిరగకుండానే వాడు మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి శోభన నాకు చెప్పలేదు. ఒక్కతే తిరువళ్ళూరు పోయి, గృహహింస కేసులు చూసే ప్రొటెక్షన్ ఆఫీసరును కలిసింది, తిరుత్తణి కోర్టులో కేసు వేసింది. అది అడిగిందల్లా వాడు తన మీద చెయ్యి వెయ్యకూడదని, తానుండే ఇంట్లో అడుగు పెట్టకూడదని ఒక ఉత్తర్వు. విచారణ రోజు వాడి వకీలు నా కాగితం బయటికి తీశాడు.

"సంతకం నీదేనా?"

"నాదే."

"రాసింది ఎవరు?"

నేను వెనక బెంచీలో ఉన్నాను. శోభన నా వైపు తిరిగి కూడా చూడలేదు. "గుర్తులేదు సార్. స్టేషన్లో ఎవురో రాసినారు."

వరండాలో దాని వకీలు యోగిత తల పట్టుకుంది. "రాసినవాళ్ళొచ్చి అది అబద్ధమని చెప్తే తప్ప ఈ కాగితం మనల్ని వదలదక్కా. బాగా గుర్తుచేసుకో."

"గుర్తులేదమ్మా" అన్నది శోభన మళ్ళీ.

నేను టీ తెస్తానని అక్కణ్ణించి జారుకున్నాను. ఆ రోజు తోడుకని వచ్చిన మునియమ్మ, యోగిత చేతిలోని నకలు మీదికి వంగి చూస్తూ ఉండింది. చదువురాని మనిషి ఏం చూస్తుందిలే అనుకున్నాను.

వాయిదా రోజు వచ్చింది. తిరుత్తణి బస్సులో మునియమ్మ నా ముందు సీటు. ఊరు దాటగానే వెనక్కి తిరిగింది.

"ఏమయ్యా, నా పింఛను కాగితం గూడా అట్లాంటిదేనా? మా ఆయన నిజంగానే సచ్చినాడా, ల్యాకుంటే యాడన్నా బతికుండాడా? ఉంటే చెప్పు, పోయి పిల్సకొస్తా."

బస్సంతా నవ్వింది. మా ఇంటామె కిటికీ వైపు తిరిగింది. శోభన నవ్వలేదు. ఒళ్ళో సంచి సర్దుకుంది. దాని మణికట్టు కొంచెం వంకరగా అతుక్కుంది. రెండేళ్ళుగా ఎదురుగానే ఉన్నా నేను సరిగ్గా చూసింది ఆ పొద్దే.

కోర్టు మెట్ల దగ్గర యోగితను పక్కకు పిలిచాను. "అది రాసింది నేనమ్మా."

ఆ అమ్మాయి నన్ను తిట్టి ఉంటే బాగుండేది. గడియారం చూసుకుని, "బోనెక్కుతారా?" అని మాత్రం అడిగింది.

ఎక్కాను. పార్థిబన్ వకీలు పెద్దమనిషి. నెమ్మదిగా అడిగాడు.

"జారిపడిందని రాశారు. ఇప్పుడు కొట్టాడంటున్నారు. ఏది అబద్ధం?"

"రాసింది."

"ఆసుపత్రిలో చెప్పింది?"

"అదీ అబద్ధమే."

"ఊరందరికీ అర్జీలు రాస్తారట గదా. వాటిలో అబద్ధాలెన్ని?"

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. ఆ ప్రశ్న వద్దని మెజిస్ట్రేటు అన్నారు. ప్రశ్న ఆగింది గాని, నవ్వు ఆగలేదు.

దిగివస్తుంటే గోడవార నిలబడ్డ పార్థిబన్ గొంతు తగ్గించి అన్నాడు. "ఏం బావా, ఆ పొద్దు పొంగలు బాగలేదా?"

తీర్పు ఇంకో నెలకు పెట్టారు. కోర్టు ఎదురుగా టీ బంకు దగ్గర నిలబడ్డాం. యోగిత దాచకుండా చెప్పింది. "మీ నోటిమాట ఒకటి, మీ చేతిరాత ఒకటి. ఆసుపత్రి రికార్డు కూడా మీ రాతకే తోడు పోతుంది. జడ్జి దేన్ని నమ్ముతారో నేను చెప్పలేనన్నా."

మా ఇంటామె శోభన భుజం మీద చెయ్యి వేసింది. "పోనీలే పాపా. ఎట్లనో మీయన్న నోరు తెరిసినాడు గదా."

"అవునమ్మా" అన్నాను నేను. "ఆ పొద్దు నీ సంసారం నిలబడాలనే రాసినా. తప్పే. ఇప్పుడు అందరి ముందరా ఒప్పుకున్నా గదా."

శోభన టీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఇన్నేండ్లు వాడు కొట్టింది కోర్టులో ఒగరికీ కనబళ్ళేదన్నా. నువ్వు ఒక్కతూరి రాసింది అందరికీ కనబడింది."