అమ్మకు

మలుపు మీది పుస్తకాల కొట్టాయనకు యాభై అయిదేళ్లు. జుట్టు సగం నెరిసింది, మిగతా సగం అసలు లేదు. అయినా అక్కయ్యకు ఆయనింకా చిన్నోడే. "ఒరేయ్ చిన్నోడా" అని ఆమె గుమ్మంలోంచి కేక వేస్తే లోపల పుస్తకాలు తిరగేస్తున్న పెద్దమనుషులు నవ్వాపుకోలేక అలమరల వైపు తిరిగేవారు. మనమూ చిన్నోడనే అందాం, ఆయనేమీ అనుకోడు.

ఆ ఆదివారం సాయంత్రం అయిదున్నరకు కొట్లో సభ. అక్కయ్య ఒక్కగానొక్క కూతురు రాసిన మొదటి నవల అచ్చయి వచ్చింది. ఆ పిల్లకు నలభై ఏళ్లు. ఇంట్లో పేరు పొట్టి, మామయ్య చిన్నోడి కంటే జానెడు ఎత్తు మాత్రం ఉంటుంది. చిన్నోడు బల్లలన్నీ గోడకు నెట్టి, నలభై కుర్చీలు వేసి, కొత్త పుస్తకాలు గుమ్మం ఎదురుగా పేర్చి, మైకు పట్టుకుని "హలో, హలో" అని తన గొంతు తనే విని మురిసిపోయాడు. మేనకోడలు రచయిత్రి అయిందన్న సంబరంలో పొద్దుటినుంచి కాలు ఒకచోట నిలవలేదు.

నాలుగున్నరకే అక్కయ్య వచ్చేసింది. అరవై అయిదేళ్ల మనిషి, సభకు గంట ముందొచ్చి ముందు వరసలో కూర్చునే రకం. కానీ ఆ రోజు చివరి వరసలో ఓ మూల కూర్చుంది.

"అదేంటక్కా, అక్కడ కూర్చున్నావేం?"

"నన్ను పిలిచిందా ఏమన్నా అది? నువ్వు చెప్తే వచ్చాను. ఈ వయసులో నీకు కథలేంటే అన్నానని మూడు నెలలు మూతి ముడుచుకు కూర్చుంది."

చిన్నోడికి మనసు చివుక్కుమంది. ఏం చెయ్యాలా అని కౌంటరు వెనక్కి వెళ్లినప్పుడే ఆ చీటీ కనపడింది.

ఆ కొట్లో చీటీలకో పద్ధతుంది. ఎవరికోసమైనా పుస్తకం పక్కన పెడితే, వాళ్ల వరసో వృత్తో చీటీ మీద రాసి, అట్టలో దోపి, కౌంటరు వెనక అలమరలో ఉంచుతారు. లెక్చరరుకు. డాక్టరుగారికి. మూడో అంతస్తు మామ్మకు. ఎక్కడ కు రాయాలో, ఎక్కడ కి రాయాలో చిన్నోడికి మహా పట్టింపు. తప్పు రాసిన చీటీని చించేసి మళ్లీ రాయించేవాడు. కొట్టు నడవక్కర్లేదు గానీ విభక్తులు నడవాలా అని భార్య ఎన్నిసార్లు దెప్పినా మారలేదు. ఆ అలమరలో, ఆ చీటీల మధ్య, పొట్టి నవల ఒక కాపీ ఉంది. దానిలో పొట్టి చేతిరాతతో చీటీ: అమ్మకు.

చిన్నోడి కళ్లు చెమర్చాయి. పొద్దున తను కుర్చీల కోసం బయటికి వెళ్లినప్పుడు పొట్టి వచ్చి యాభై కాపీలు దించి వెళ్లిందని తెలుసు. పైకి బింకంగా ఉన్నా పిచ్చిపిల్ల అమ్మ కోసం ఒకటి తీసి పెట్టిందన్నమాట. విభక్తి కూడా తప్పు పోలేదు. పుస్తకం పట్టుకుని గబగబా వెళ్లి అక్కయ్య ఒళ్లో పెట్టాడు.

"చూడు. నీకోసం పక్కన పెట్టింది."

అక్కయ్య చీటీ చదివింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది. ఆ ముఖం అంత తేటగా ఉండగా చిన్నోడు చూసి ఎన్నేళ్లయిందో.

అయిదింటికి పొట్టి వచ్చింది. వస్తూనే కౌంటరు వెనక్కి దూరి అలమరంతా వెతికింది.

"మామయ్యా, ఇక్కడ నా కాపీ పెట్టాను. ఏదీ?"

"ఏ కాపీ?"

"చీటీ కూడా పెట్టానుగా."

"ఓ, అదా! ఇచ్చేశాగా మీ అమ్మకి. ఎంత సంబరపడిందనుకున్నావ్!"

పొట్టి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "మామయ్యా, అది అమ్మ కోసం కాదు. అమ్మొద్దని! పొరపాటున ఎవరికైనా అమ్మేస్తావేమోనని, అమ్మకు అని రాశాను. అది నేను చదువుకునే కాపీ."

చిన్నోడు నవ్వబోయాడు. ఎంత చక్కటి పొరపాటు, రేపు అందరికీ చెప్పుకోవచ్చు అనిపించింది. "పోనీలే, ఇంకోటి తీసుకో."

"అందులో ఆ ఆరు పేజీలున్నాయి."

"ఏ ఆరు పేజీలు?"

"నువ్వు తీసెయ్యమన్నవి. అచ్చులో తీసేశాను. నా కాపీలో మాత్రం టైపు చేసి అతికించుకున్నాను. అవి లేకపోతే ఆ పుస్తకం నాది కాదనిపించింది మామయ్యా. నూట పన్నెండో పేజీ తర్వాత. నువ్వు చెప్పావని కూడా ఉంది."

చిన్నోడి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ ఆరు పేజీల సంగతి ఇది. పొట్టికి ఏడేళ్లప్పుడు అక్కయ్య ఒక సంచిలో బట్టలు సర్దుకుని ఇల్లు విడిచి వెళ్లిపోయింది. మొగుణ్ణి, కూతుర్ని వదిలేసి, ఇంక తిరిగి రాకూడదనుకునే వెళ్లింది. వేరే ఊళ్లో రైల్వే స్టేషను పక్కన ఒక గది అద్దెకు తీసుకుని ఉంది. ఆరో రోజున తమ్ముడొక్కడికే ఫోను చేసింది. ఇరవై రెండేళ్ల చిన్నోడు వెళ్లాడు. రమ్మని అడగలేదు, ఎందుకొచ్చావని అడగలేదు. ఆ గది గుమ్మంలో చాప వేసుకుని అయిదు రోజులు పడుకున్నాడు. చివరికి ఆమే లేచి, పదరా పోదాం అంది. ఊళ్లో అందరికీ టైఫాయిడ్ వచ్చి ఆసుపత్రిలో ఉందని చెప్పారు. రైల్లో అక్కయ్య అన్నది ఒకటే మాట: "ఒరేయ్, ఇది నీతోనే పోవాలి."

ముప్ఫై రెండేళ్లు నోరు విప్పలేదు పాపం. బావ పోయినప్పుడు కూడా విప్పలేదు. కానీ రాసేవాళ్లంటే చిన్నోడికి ఒళ్లు తెలియదు. నవల ముందుకు సాగడం లేదు మామయ్యా, ఆ ఆసుపత్రి ఏదో నువ్వన్నా చెప్పు అని పొట్టి నాలుగుసార్లు వచ్చి అడిగేసరికి, ధర చీటీలు అంటించుకుంటూ అంటించుకుంటూ మొత్తం కక్కేశాడు. కథలో పనికొస్తున్నానన్న గర్వం కూడా కాస్త ఉంది, దాచడమెందుకు. రాతప్రతిలో ఆ అధ్యాయం చూశాక గానీ ఏం చేశాడో తెలియలేదు. పొట్టి చేతులు పట్టుకుని తీయించాడు. గండం గడిచిందనుకున్నాడు.

ఇప్పుడా గండం చివరి వరసలో కళ్లజోడు పెట్టుకుని చదువుతోంది.

"నువ్వెళ్లి అడుగు" అన్నాడు.

"నేనెళ్లి లాక్కుంటే ఏమనుకుంటుంది? నా చేత్తో రాసి ఇచ్చాననుకుంటోందన్నావుగా?" పొట్టి ఒక కొత్త కాపీ తీసి చేతిలో పెట్టింది. "నువ్వే ఏదో ఒకటి చెయ్యి మామయ్యా."

చిన్నోడు కొత్త కాపీ పట్టుకుని వెళ్లాడు. అక్కయ్యది మొదట్నుంచీ నిదానం చదువు. పెదాలు కదుపుతూ చదువుతుంది. పదిహేనో పేజీలో ఉంది.

"అక్కా, అదిలా ఇవ్వు. అందులో ఒక ఫారం తలకిందులుగా పడింది. పదహారు పేజీలు. ఇది మంచి కాపీ."

"తలకిందులైతే తిప్పుకుని చదువుకుంటాలే."

"పేజీలు కూడా ఊడిపోతున్నాయటక్కా..."

"ఒరేయ్ చిన్నోడా, అది నాకని రాసి పెట్టిన పుస్తకం. నీ మంచి కాపీ ఎవరికైనా అమ్ముకో. నన్ను చదువుకోనీ."

చిన్నోడు కౌంటరు దగ్గరికొచ్చి లెక్క వేసుకున్నాడు. అక్కయ్య వేగానికి గంటకు ముప్ఫై పేజీలు దాటవు. సభ ఏడింటికి అయిపోతుంది. అప్పటికి డెబ్భై, ఎనభై. ఆ తర్వాత ఇంటికి దింపుతానని స్కూటరెక్కించుకుని, దారిలో పుస్తకం ఉన్న సంచి పారేసైనా సరే. తననింతవాణ్ణి చేసిన అక్కయ్య సంచి దొంగిలించాలని ఆలోచిస్తున్నాడని తట్టి సిగ్గేసింది. కానీ సిగ్గుపడే తీరిక లేదు.

జనం వచ్చారు, కుర్చీలు నిండాయి. చిన్నోడు ఏమీ తోచక వెనక వరస మీది ట్యూబులైటు ఆర్పేశాడు. అక్కయ్య తల ఎత్తి చూసి, లేచి, పుస్తకం గుండెలకు హత్తుకుని ముందు వరసలోకి వచ్చి, మైకు పక్కనున్న దీపం కింద కూర్చుంది. ఇప్పుడు ఇంకా బాగా కనిపిస్తోంది. దేవుడా, నన్ను ఇప్పుడే తీసుకుపో అనుకున్నాడు.

రిటైరైన ప్రొఫెసరుగారు మాట్లాడటం మొదలుపెట్టారు. ఆయన మొదలుపెడితే ఆపడం ఎవరితరమూ కాదు. ఎప్పుడూ తిట్టుకుని ఊరుకునే చిన్నోడు ఈ రోజు ఏకంగా ఆయన తొందరగా ముగించాలని మొక్కుకున్నాడు. నవల పుట్టుక గురించి చెబుతున్నారు, నవల భవిష్యత్తు గురించి చెబుతున్నారు. పొట్టి ఎదురుగా కూర్చుని తల్లి చేతుల వైపే చూస్తోంది. అక్కయ్యకు ప్రసంగం విసుగొచ్చినట్టుంది. ఒళ్లో పుస్తకం మూసింది. చిన్నోడికి ఊపిరి వచ్చింది.

మళ్లీ తెరిచింది. అతికించిన కాగితాలతో మధ్యలో ఉబ్బి ఉన్న పుస్తకం, తెరవబోయిన చోట తెరుచుకోకుండా ఆ ఉబ్బు దగ్గరే తెరుచుకుంది. ఇదేంటి ఈ కాగితాలు అన్నట్టు అక్కయ్య వేలితో తడిమి చూసింది. పెదాలు కదలడం మొదలుపెట్టాయి.

చిన్నోడు కౌంటరు అంచు పట్టుకున్నాడు. వెళ్లి లాక్కోవాలి. గ్లాసెడు నీళ్లు పుస్తకం మీద ఒలకబొయ్యాలి. కిందపడిపోయి గుండెనొప్పి అనాలి. ఒక్కటీ చెయ్యలేదు. ఒక పేజీ తిరిగింది. రెండో పేజీ. మూడో పేజీ సగంలో పెదాలు ఆగిపోయాయి. తర్వాత పేజీలన్నీ అక్కయ్య పెదాలు కదపకుండా, పెద్ద చదువులు చదివినవాళ్లలా, గబగబా చదివేసింది.

చప్పట్లు మోగాయి. పొట్టి లేచి రెండు పేజీలు చదివింది. ఏం చదివిందో ఆమెకే తెలియదు. ఎవరైనా ప్రశ్నలు అడగవచ్చు అని ప్రొఫెసరుగారు ప్రకటించారు. అక్కయ్య చెయ్యెత్తింది.

"రచయిత్రిగారిని ఒకటి అడగాలి." గొంతు మామూలుగానే ఉంది. "ఒకరి సంగతి ఇంకొకరి నోట విని పుస్తకంలో రాసేముందు, ఆ సంగతి ఎవరిదో వాళ్లని అడగాలా, అక్కర్లేదా?"

"అద్భుతమైన ప్రశ్న" అని ప్రొఫెసరుగారు మైకు అందుకుని సృజన స్వేచ్ఛ గురించి అయిదు నిమిషాలు వాయించారు. పొట్టి ఆయన చేతిలోంచి మైకు తీసుకుంది. తీసుకుని, అందులో మాట్లాడకుండా కిందికి దించింది.

"అడగాలమ్మా. నిన్నడిగే ధైర్యం లేక అడగలేదు."

"అడిగుంటే చెప్పేదాన్నే." అక్కయ్య ఒళ్లో పుస్తకం మూసింది. "ఎప్పటికైనా నా అంతట నేనే నీకు చెప్పుకోవాలనుకున్నానే. ఆ ఒక్క సంగతీ నా నోటితో చెప్పాలనుకున్నాను."

జనానికి ఏమీ అర్థం కాలేదు. తల్లీకూతుళ్ల ముద్దూముచ్చట అనుకుని ఎవరో చప్పట్లు కొట్టారు, మిగతావాళ్లూ కొట్టారు.

సంతకాల కోసం వరస కట్టారు. అక్కయ్య కూడా అందరితో పాటు వరసలో నిలబడింది, చేతిలో అదే పుస్తకం. చిన్నోడు కుర్చీ తీసుకుని పరిగెత్తాడు. తమ్ముడి ముఖం ఆమె ఇంకా చూడలేదు. ఒక్కసారి చూస్తే చాలు, తిడితే చాలు, చెంప మీద కొట్టినా చాలు.

"అక్కా, కూర్చో. అక్కా, ఒక్క మాట విను. అది నువ్వు చదవాలని రాసింది కాదు. అసలు అది నీకు కాదక్కా. అమ్మొద్దని రాసింది. అమ్మకు అంటే అమ్మొద్దని. నేనే తప్పు చదివి నీకిచ్చాను. నీకోసం ఏదీ పెట్టలేదది, ఒట్టు."

తప్పు ఒప్పుకుంటున్నాననే అనుకున్నాడు. నోటి నుంచి మాట బయటికొచ్చాక గానీ, అక్కయ్య దగ్గర మిగిలిన ఆ ఒక్కటి కూడా తనే లాగేసుకున్నాడని తెలియలేదు.

అక్కయ్య పుస్తకంలోంచి చీటీ తీసి చూసింది. చాలాసేపు చూసింది. మళ్లీ అందులోనే పెట్టుకుని అట్ట మూసింది. వరస ముందుకు కదిలింది, చిన్నోడు మాత్రం కుర్చీతో దారిలో అడ్డంగా ఉన్నాడు. అప్పుడు తమ్ముడి ముఖంలోకి చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. కొట్లోకి కొత్తగా వచ్చినవాళ్లు చూసినట్టు చూసింది.

"కాస్త పక్కకి జరుగుతారా అండీ?" అంది.

ఆయన కుర్చీ తీసుకుని జరిగాడు.