మూడు ఏది?

ఇబ్రహీంపట్నం అంగన్‌వాడీలో శిక్షణకు చేరిన రూత్‌కు ఆ రోజే మొదటి పాఠం. ఇంట్లో పదేపదే పాడి నేర్చుకున్న పాట ఎత్తుకుంది కానీ, పిల్లలెవరూ ఆమె వైపు చూడలేదు. చేరి వారమైనా నోరు విప్పని నాలుగేళ్ల మధుప్రియ గుమ్మం దగ్గరే కూర్చుంది.

"పాట పక్కకు వెట్టి, జర కింద కూసో బిడ్డా," అంది టీచర్ రేణుకమ్మ.

రూత్ మధుప్రియ పక్కన చతికిలబడి, చింతగింజలు పరిచి లెక్కపెట్టసాగింది. కంగారులో "ఒకటి, రెండు, నాలుగు" అనేసింది.

"మూడు ఏది?" అంది మధుప్రియ.

రూత్ మధుప్రియ వైపు తిరిగింది. "అవ్, మర్చిపోయిన. నువ్వు చెప్తవా?"

ఆ పిల్ల గింజలన్నీ తన ముందుకు లాక్కుని మొదట్నుంచి లెక్కపెట్టింది. మిగతా పిల్లలూ చుట్టూ చేరారు.

"గట్లనే ఆడిపియ్యి. నేను అన్నం సంగతి చూస్త," అంటూ రేణుకమ్మ, మొదటిసారి గదిని రూత్‌కు వదిలి వంటింట్లోకి వెళ్లింది.