రెండో ప్రతివాది ఇంట భోజనం

తన మీద కేసు పెట్టిన మనిషికి నీలకంఠం పొద్దున్నే వేన్నీళ్ళు తోడించాడు. తోడించక ఏం చేస్తాడు? కేసు పెట్టినవాడు స్వయానా వియ్యంకుడు. కూతురు సీతాలు కాపురం చేస్తున్నది వాళ్ళింట్లోనే. చోడవరం దగ్గర పల్లె నుంచి వాయిదాకి వచ్చిన వరహాలు ఏ లాడ్జీలోనో దిగితే కంచరపాలెంలో నీలకంఠం పరువేం కావాలి?

"సెల్లెమ్మా, పులుసులో కారం జాస్తయిందమ్మా" అన్నాడు వరహాలు, రెండోసారి కంచం ముందుకు జరుపుతూ.

"మా ఇంటాయన మీద కేసెట్టినోళ్ళకి అలగే ఒండుతాను అన్నయ్యా" అంది చిలకమ్మ, ఇంకో ముక్క వేస్తూ.

ఇంత మర్యాద మధ్య కేసెలా పుట్టిందంటే, ద్వారకానగర్‌లో ఒక మేడ మీద పుట్టింది. అద్దాల తలుపు, టైలు కట్టిన కుర్రాళ్ళు, 'మహోదయ గృహసౌఖ్యం' అని బోర్డు. ఆరువందలు కట్టి ఐదుగురిని చేర్పిస్తే మిక్సీ. ఆ ఐదుగురూ తలా ఐదుగురిని తెస్తే స్కూటరు. అలా ఎనిమిది తొమ్మిది వరసలు దాటేసరికి విశాఖపట్నంలో మనుషులు అయిపోతారు, ఆ తర్వాత సముద్రంలో చేపల్ని చేర్పించాలి. ఈ సంగతి మేడ మీద వాళ్ళకి తెలుసు. తెలియబట్టే వాళ్ళు మేడ మీద ఉన్నారు.

పోర్టులో కళాసీ అయిన నీలకంఠానికి తెలియలేదు. తనతో పనిచేసే నలుగురిని చేర్పించాడు. ఐదోవాడు దొరకలేదు. కూతుర్ని చూసొస్తానని పల్లెకి వెళ్ళి వియ్యంకుణ్ణి పట్టుకున్నాడు. మిక్సీ వచ్చింది. వరహాలు వచ్చినప్పుడల్లా దానికి దుప్పటి కప్పి అటకెక్కిస్తారు.

వరహాలుకి మాత్రం ఏమీ రాలేదు. ఒకడి ముందు చెయ్యి చాపి డబ్బడగడమంటే అతనికి చావుతో సమానం. ఐదుగురు కాదు, ఒక్కణ్ణి కూడా అడగలేకపోయాడు. పోనీ కట్టిన డబ్బు ఇచ్చెయ్యమంటే, ఇచ్చేది లేదని కంపెనీ తెగేసి చెప్పింది. అప్పుడే జ్ఞానాపురంలో జ్ఞానదాసు అనే మిషన్ స్కూలు మేష్టారు వినియోగదారుల సంఘం ఒకటి పెట్టి, కొత్త చట్టం వచ్చింది, ప్లీడరు అక్కర్లేదు, ఫీజు అక్కర్లేదు అని నలుగురికీ చెబుతున్నాడు. ఆయనే ఫిర్యాదు రాసిపెట్టాడు. మొదటి ప్రతివాది కంపెనీ. రెండో ప్రతివాది నీలకంఠం.

"మా బావ పేరొద్దు మేస్టారూ" అని వరహాలు గింజుకున్నాడు.

"డబ్బు ఆయన చేతి మీదుగా వెళ్ళింది కదయ్యా. ఆయన లేకపోతే నువ్వెవరో మాకు తెలీదంటుంది కంపెనీ."

కంపెనీ కూడా ఊరుకోలేదు. వారం కిందట ఒక టై కుర్రాడు కంచరపాలెం వచ్చి నీలకంఠాన్ని పక్కకి పిలిచాడు. "నేను అడగలేదు, చుట్టరికం కొద్దీ ఆయనే ఇచ్చాడు అని చెప్పండి చాలు. అడిగానన్నారా, ముందు మీ జీతంలోంచే వసూలు చేస్తారు. ఆ పోర్టు నలుగురూ కూడా మీ మీద పడతారు." అప్పట్నుంచీ నీలకంఠానికి నిద్ర లేదు. అడగలేదంటే వియ్యంకుడి డబ్బు పోతుంది. అడిగానంటే తన డబ్బూ పోతుంది, పరువూ పోతుంది. పిల్లనిచ్చినవాడు అల్లుడి గుమ్మంలో చెయ్యి చాపాడని నలుగురిలో చెప్పుకోవడమేనా?

ఇద్దరూ ఒకే సిటీ బస్సులో వినియోగదారుల ఫోరానికి వెళ్ళారు. టిక్కెట్టు డబ్బులు నేనిస్తానంటే నేనని పోట్లాడుకుంటే కండక్టరు విసుక్కున్నాడు.

ఫోరంలో అధ్యక్షుడు, ఆయనకి అటూ ఇటూ ఇద్దరు సభ్యులు. అందులో ఒకావిడ. పోర్టు నలుగురూ వెనక బల్ల మీద కూర్చున్నారు, తమాషా చూడ్డానికొచ్చినట్టు.

కంపెనీ ప్లీడరు లేచి వరహాలుని అడిగాడు. "ఈ డబ్బు మిమ్మల్ని ఎవరడిగారు?"

వరహాలు పైకండువా సవరించుకున్నాడు. నీలకంఠం వైపు చూడలేదు. "ఎవులూ అడగనేదు బాబూ. నానే ఇచ్చీసాను."

జ్ఞానదాసు నుదురు పట్టుకున్నాడు. "వరహాలూ, ఫిర్యాదులో అలా లేదు కదయ్యా!"

"కాయితంలో ఏటుందో నాకు తెల్దు మేస్టారూ. మా బావ అడిగే మనిషి కాదు."

ప్లీడరు మొహం పెళ్ళికొడుకు మొహమైంది. "చూశారా సార్! మా కంపెనీ ఇతనికి ఏమీ అమ్మలేదు, ఎవరిచేతా అడిగించలేదు. పిల్లనిచ్చిన మనిషి ఏదో ఇబ్బందిలో ఉంటే, పాపం, ఈయన దయతలచి..."

"దయేటి?"

నీలకంఠం ఎప్పుడు లేచాడో అతనికే తెలియలేదు.

"దయేటండీ బాబూ? నాను అడిగాను. ఆళ్ళ అరుగు మీద కూకుని అడిగాను. ఆయన వానలు గురించి మాటాడితే మళ్ళీ అడిగాను. అన్నం కాడ కూడా ఒగ్గనేదు."

"కూకో బావా" అన్నాడు వరహాలు పళ్ళ బిగువున.

"నువ్వూరుకో. అడగడం నాకొచ్చేటి? నేర్పినారు. పెతీ ఆదివారం మేడ మీద పాఠం. ముందల పిల్లల సదువు అడగాల. తరవాత ఇంట్లో ఆడోళ్ళ కష్టం సెప్పాల. 'సూద్దాం' అన్నాడంటే ఒప్పుకున్నట్టే లెక్క. పరాయోళ్ళు కాదంతారు గానీ సుట్టాలు కాదన్లేరు, సుట్టాల్నే పట్టమన్నారు."

సభ్యురాలు కళ్ళజోడు తీసింది. "ఎవరు నేర్పారు?"

"అదిగో, ఆ బాబే" అని నీలకంఠం ప్లీడరు పక్కన కూర్చున్న టై కుర్రాణ్ణి చూపించాడు. "మొన్న మా ఈదికొచ్చి, అడగనేదని సెప్పమని కూడా నేర్పినాడు."

వెనక బల్ల మీద పోర్టు నలుగురూ ఒక్కసారి గొల్లున నవ్వారు. టై కుర్రాడు ఫైలు తెరిచి అందులో తల దాచుకున్నాడు.

బయటికొచ్చాక వరహాలు బస్సు కాంప్లెక్సు దాకా విసవిసా ముందు నడిచాడు. అక్కడ టీ తాగుతూ అందుకున్నాడు.

"నాను కప్పెడితే నువ్వు తవ్వీసావు. ఇప్పుడు సీతాలు మొగం ఎలగ సూడాలి నాను?"

"మరి ఓడిపోదువేటి?"

"ఓడిపోతే పోదును. డబ్బులు నావి, నీకేటి?"

"ఆ పిలీడరు నన్ను ముష్టోణ్ణి సేసినాడు బావా."

"సేత్తే ఏటి? నాను కాదని సెప్తన్నాను గదా, మద్దిలో నీకెందుకు తొందర?" అని, టీ డబ్బులు తనే ఇచ్చేసి, బస్సెక్కి, కిటికీలోంచి కూడా తల తిప్పకుండా వెళ్ళిపోయాడు. నీలకంఠం ఇంటికెళ్ళి ఆ రాత్రి అన్నం ముట్టలేదు. కూతురు కాపురానికి తనే చేటు తెచ్చానని కుమిలిపోయాడు.

నెల తర్వాత తీర్పు వచ్చింది. కంపెనీ డబ్బు ఖర్చులతో సహా తిరిగివ్వాలి. రెండో ప్రతివాది చెప్పిన నిజం వల్లనే మోసం బయటపడింది కనుక అతన్ని కేసు నుంచి తప్పించడమైనది.

ఆ చివరి వాక్యాన్ని వరహాలు ఫోరం వరండాలోనే, నీలకంఠం పక్కన ఉండగా, జ్ఞానదాసు చేత రెండుసార్లు చదివించుకున్నాడు. మూడోసారి కూడా అడిగితే మేష్టారు కాపీయే చేతిలో పెట్టాడు.

"మా కోడలికి ఇనిపించాల" అన్నాడు, నీలకంఠాన్ని చూడకుండానే. "వాళ్ళయ్య కోర్టులో నిజం సెప్పినాడని పెద్దోళ్ళే రాసినారు. ఏటి బావా, నిలబడిపోయావు? ఆకలేత్తంది, ఎల్దాం పద."

డబ్బు మాత్రం ఇంకా రాలేదు. కంపెనీ హైదరాబాదులో అప్పీలు వేసింది. పెద్ద మేడల వాళ్ళకి పెద్ద ఊళ్ళు. వియ్యంకులిద్దరూ ఇప్పుడు హైదరాబాదులో ఎక్కడ దిగాలన్న తగువులో ఉన్నారు. ఒకే గది చాలంటాడు వరహాలు. ఆ గది అద్దె నేనే కట్టాలంటాడు నీలకంఠం.