అక్క నడిచిన నది

అక్కకు పొట్టైపోయిన గౌన్లు నాకు వచ్చేవి. తర్వాత అట్టలు ఊడిన పుస్తకాలు వచ్చాయి, సీటు చిరిగిన సైకిల్ వచ్చింది. అక్క జబ్బుచేసి పోయాక బావ వచ్చాడు. పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడుకుని మా ఇద్దరికీ ముడిపెట్టారు. బలవంతమేమీ లేదు. బావంటే నాకు అక్క పెళ్ళినాటి నుంచే ఇష్టం. ఆ సంగతి అక్కకు తెలియకుండానే పోయింది.

బావ నీటిమట్టాలు కొలిచే ఆఫీసులో పనిచేస్తాడు. ఈ వేసవిలో ఒకరోజు, “నది పుట్టిన చోటి నుంచి సముద్రం దాకా వెళ్ళొద్దామా?” అన్నాడు. పెళ్ళైన కొత్తలో అక్కతో అతను తిరిగిన దారి అదే. నాతో తిరిగితే ఆ పాతది చెరిగిపోతుందని ఆశపడ్డాను. నేను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో సెలవడిగితే, అద్దాలు బిగించేవాళ్ళు ఇంకెవరున్నారని ఓనరు గొణిగాడు. గొణిగితే గొణిగాడని బ్యాగు సర్దుకున్నాను.

కొండమీద ఒక రాతి కింద నుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. ఇదే నది అంటే నవ్వొచ్చింది. వంగి దోసిలి పట్టబోయాను.

“మీ అక్క అక్కడే అరచెయ్యి అడ్డం పెట్టి, నదిని ఆపేశాను చూడు అంది,” అన్నాడు బావ.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. దాహంతో నాలుక పిడచగట్టినా తాగలేదు.

అక్కడి నుంచి కొంత నడక, కొంత బస్సు, కొంత పడవ. అక్క పుచ్చకాయ కొనుక్కున్న రేవు చూపించాడు. అక్క చెప్పు తెగిన మెట్లు చూపించాడు. అక్కను చెయ్యి పట్టుకుని దింపాడట. నా చెప్పులేమో ఇనుపముక్కల్లా గట్టిగా ఉన్నాయి.

రాత్రికి దిగిన మిల్లు పక్కన లాడ్జి కూడా అప్పట్లో వాళ్ళు దిగినదే. కౌంటరు వెనకావిడ నన్ను చూసి, “మళ్ళీ వచ్చారా అమ్మా? అప్పటికీ ఇప్పటికీ ఏం మారలేదు,” అంది. అక్కవీ నావీ ఒకే పోలికలు. బావ సరిదిద్దుతాడని చూశాను. అతను సంతకం పెట్టి తాళంచెవి అందుకున్నాడు.

“అప్పుడు వచ్చింది మా అక్క. చచ్చిపోయింది,” అన్నాను.

గదిలోకి వచ్చాక బావ అడిగాడు. “అంత కటువుగా చెప్పాలా?”

“కౌంటరు దగ్గరావిడంటే పొరపాటు పడింది. నువ్వెందుకు ఊరుకున్నావు?”

బావ కిటికీ తెరిచి నదివైపు చూస్తూ నిలబడ్డాడు. పోయినదానితో పోటీ ఏమిటని ఎవరైనా నవ్వుతారు, నవ్వనీ. బతికుంటే చిన్నప్పటిలా జుట్టూ జుట్టూ పట్టుకుని తేల్చుకునేదాన్ని.

సముద్రం దగ్గరపడ్డాక, వల బాగుచేసుకుంటున్న ముసలాయన మమ్మల్ని ఆపాడు. “అటు పోకండి బాబూ, వరదలో నది దారి మార్చుకుంది. ఆ పాయంతా ఎండిపోయింది. ఇప్పుడు సముద్రంలో కలిసేది ఇటు.”

నా గుండె ఎగిరి గంతేసింది. అక్క తొక్కని నేల ఒకటి దొరికింది.

“ఇటే పోదాం బావా.”

బావ ఎండిన పాయవైపు చూస్తున్నాడు. “మేం చివర్న కూర్చున్నది అక్కడ. ఒక్కసారి చూసొస్తా.”

“మనం వచ్చింది నదిని చూడ్డానికి కాదూ?”

“నువ్వు నడుస్తూ ఉండు. వెనకే వస్తా.”

అలిగితే బతిమాలతాడేమోనని కాసేపు కదల్లేదు. అతను ఇసుకలోకి దిగి వెళ్ళిపోయాడు.

పిక్కల దాకా బురదలో ఒక్కదాన్నే నడిచాను. చివరికి గట్టు అయిపోయింది. మట్టిరంగు నీళ్ళూ ఆకుపచ్చ నీళ్ళూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. చప్పగానూ లేదు, పూర్తిగా ఉప్పగానూ లేదు. ఇక్కడ మీ అక్క ఇలా అంది అని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.

“ఇది నువ్వు చూడలేదే అక్కా,” అన్నాను పైకే.

ఊహ తెలిసినప్పటి నుంచి ఆ మాట అనే అదృష్టం నాకు పట్టలేదు. ఇప్పుడు పట్టింది. ముఖం మాడ్చుకుని, “ఏదీ జరుగు, నన్ను చూడనీ,” అంటూ నన్ను పక్కకు నెట్టాల్సిన మనిషే లేదు. అక్క బతికుంటే బాగుండునని, బావను చేసుకున్నాక, నాకు అనిపించడం అదే మొదటిసారి.