అమ్మగారు వాసన చూసిన నెయ్యి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన జోగేశ్వరరావు గారు పెళ్ళైన కొత్తలోనే కనిపెట్టారు. ఆ ముక్కు మీదే దుకాణం కూడా నడుస్తుందని కొంచెం ఆలస్యంగా కనిపెట్టారు.

రాజమండ్రిలో మాది నెయ్యి దుకాణం. కొవ్వూరు వైపు ఊళ్ళ నుంచి వెన్న వస్తుంది. వెనక గదిలో ఆయన కాచి, గరిటెతో నా ముక్కు దగ్గరికి తెస్తారు. నేను వాసన చూసి తలూపితేనే ఆ నెయ్యి అమ్మకానికి వెళ్ళాలి. పావుకిలో కొనేవాళ్ళు కూడా "అమ్మగారు చూశారా అండి?" అని అడిగేవారు. అలా అడిగినప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

నాలుగేళ్ళ క్రితం ఆ ముక్కు మూసుకుపోయింది. లోపల కండ పెరిగిందన్నారు. పోపు వేగినా, పాలు మాడినా నాకొకటే. ఆ సంగతి ఆయనకొక్కరికే ఏడుస్తూ చెప్పుకున్నాను.

"ఊరుకో మీనా. ఇంకెవరితోనూ అనకు, బేరాలు పోతాయి. నెయ్యి సంగతి నేను చూసుకుంటాను. నువ్వు ఎప్పటిలాగే తలూపు, చాలు," అన్నారు.

ఊపాను. కొనడానికి వచ్చినవాళ్ళ ఎదుటే ఊపాను. మొగుణ్ణి కూడా నమ్మకపోతే ఎలా?

తలనొప్పులు భరించలేక ఈ మధ్యే సైనస్ ఆపరేషన్ చేయించుకున్నాను. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒక మెత్తటి ప్లాస్టిక్ సీసా, కొన్ని ఉప్పు పొట్లాలు చేతిలో పెట్టింది. "కాచి చల్లార్చిన నీళ్ళే వాడాలండి. రోజుకి మూడుసార్లు ముక్కు కడుక్కోండి, బద్ధకిస్తే లోపల అతుక్కుపోతుంది. వాసన తిరిగొస్తుందని మాత్రం గట్టిగా చెప్పలేను," అంది. ఆ మాట పక్కనున్న ఆయన కూడా విన్నారు.

మొదటిసారి పొట్లం కలపడం మరిచిపోయి ఉత్త నీళ్ళే ముక్కులోకి వదిలాను. మంట నెత్తికెక్కింది. అప్పటి నుంచి ఆయనే పూనుకున్నారు. నీళ్ళు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, పొట్లం కలిపి ఇచ్చేవారు. నేను సింకు మీదికి వంగి, నోటితో ఊపిరి తీసుకుంటూ సీసా నొక్కితే, ఒక పక్క పోసిన నీళ్ళు రెండో పక్క నుంచి కారేవి. వాటితో పాటు నల్లటి నెత్తురు గడ్డలు, జిగురు, పెచ్చులు. చూడలేక నేను కళ్ళు మూసుకునేదాన్ని. ఆయన మాత్రం తువాలు పట్టుకుని నిలబడి, "ఇంకొంచెం, ఇంకొంచెం," అనేవారు. ఎంత మంచి మొగుడు దొరికాడని మురిసిపోయాను, పిచ్చిదాన్ని.

మూడో వారంలో ఒక ఉదయం ముక్కు కడుక్కుని మొహం తుడుచుకుంటుంటే తువాలులోంచి సబ్బు వాసన వచ్చింది. వంటింట్లోకి పరిగెత్తి ఇంగువ, కాఫీపొడి, ఆవపిండి, అన్నిటి మూతలూ తీసి ముక్కు పెట్టాను. ఏడుపు ఆగలేదు. ఆయనకి చెప్పాలని అప్పటికప్పుడు ఆటో ఎక్కి దుకాణానికి వెళ్ళాను.

ఆయన వెనక గదిలో ఉన్నారు. ముందు గదిలో అమ్మకానికి పెట్టిన డబ్బా మూత తీశాను. కమ్మటి వెన్న వాసన ఏది? వనస్పతి కంపు కొడుతోంది. నా ముక్కే ఇంకా కుదుటపడలేదేమో అనుకుని రెండో డబ్బా తీశాను. అదీ అంతే. వెనక్కి వెళ్ళేసరికి ఆయన వనస్పతి డబ్బా బాణలిలోకి ఒంపుతున్నారు.

"ఏంటండీ ఇది?"

"నీకు... వాసన తెలుస్తోందా?" అన్నారు. ఆయన మొహం పాలిపోయింది.

"ఎప్పట్నించి కలుపుతున్నారు?"

"వెన్న సరిగ్గా దొరకట్లేదు మీనా..."

"ఎప్పట్నించి అని అడుగుతున్నాను."

"వాసన రావట్లేదని చెప్పావు చూడు, ఆ వారం నుంచే," అన్నారు తల దించుకుని.

ఒళ్ళు మండిపోయింది. నేను ఏడ్చి చెప్పుకున్న బాధలో ఈయనకి కనబడింది కల్తీకి అవకాశమన్నమాట. నాలుగేళ్ళపాటు రోజూ ఆ గరిటె నా ముక్కు దగ్గర పెట్టి, నా మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. పరాయివాడు చేస్తే దొంగ అని ఊరుకుందును. ఈయన్ని ఏమనాలి?

"ఇప్పుడు బాగైంది కదా, రేపటి నుంచి మానేద్దాం. ఎవరికీ తెలియదులే," అంటూ చెయ్యి పట్టుకోబోయారు. విదిలించుకున్నాను.

"మీనాకుమారి గారూ!" అని ముందు నుంచి పిలుపు. సూర్యకళ గారు. మా నెయ్యి కోసమే ధవళేశ్వరం నుంచి బస్సెక్కి వస్తారు. "కిలో ఇవ్వండి. మా మనవడికి పప్పన్నంలోకి మీ నెయ్యి తప్ప ఇంకోటి వెయ్యనండి. మీరు చూసిందేగా?"

ఆయన గుమ్మంలో నిలబడి నాకు కళ్ళతో సైగ చేస్తున్నారు.

"వద్దండి, ఇది కల్తీ," అన్నాను. "నాలుగేళ్ళుగా ఈయన కలుపుతున్నారట, నాకు ఇప్పుడే తెలిసింది. నన్ను మోసం చేశారండి. అప్పట్నించీ నాకసలు వాసనే తెలియదు."

ఆవిడ ఆయన్ని తిడతారని, నన్ను చూసి జాలిపడతారని అనుకున్నాను. ఆవిడ ఆయన వైపు చూడనే లేదు. చేతిలోని ఖాళీ క్యాను నెమ్మదిగా సంచిలో పెట్టుకున్నారు.

"వాసనే తెలియదా?" అన్నారు నన్నే చూస్తూ. "మరి నేనడిగినప్పుడల్లా తలూపింది మీరే కదండీ?"