చచ్చిన గాడిద చెవి

పిల్లను చూడటానికి మగపెళ్లివారు ఇంటికి వస్తే వాడకట్టంతా తెలుస్తుంది. కుదరకపోతే వాడకట్టంతా పరామర్శకు వస్తుంది. అందుకని ఆ రోజుల్లో వరంగల్‌లో కాస్త తెలివైన వాళ్లు పెళ్లిచూపులు సినిమా హాల్లో పెట్టుకునేవారు. కుదిరితే సంబంధం చూసినట్టు, కుదరకపోతే సినిమా చూసినట్టు.

మా పక్కింటి కట్టమ్మను నేను చిన్నమ్మ అని పిలిచేదాన్ని. ఆమెకు ఈ ఉపాయం చెప్పింది ఆమె తమ్ముడు వెంకట్రాజం. ఆయనది ధాన్యం కమీషను వ్యాపారం. బస్తాకు చువ్వ గుచ్చి గుప్పెడు గింజలు లాగి ధర చెప్పే మనిషి. పిల్ల విషయంలోనూ అంతకన్నా ఎక్కువ చూడాల్సిన అవసరం ఆయనకు కనబడలేదు.

చిన్నమ్మకు ఇద్దరు కూతుళ్లు. పెద్దది విజయలక్ష్మి. తండ్రి పోవడంతో బీఏ మధ్యలో ఆపేసి, వాడకట్టు పిల్లలకు ట్యూషన్లు చెబుతోంది. చిన్నది యాకమ్మ. అన్నారం దర్గాకు మొక్కుకుంటే పుట్టిందని అక్కడి బాబా పేరు కలిపి ఆ పేరు పెట్టారు. పెళ్లి పెద్దదానికి. అబ్బాయి సారంగపాణి, పరకాలలో పంచాయతీ సమితి ఆఫీసు గుమాస్తా. అతనికి తల్లి తప్ప ఎవరూ లేరు. కానీ ఆ తల్లి మొగిలమ్మ ఒక్కతే నలుగురి పెట్టు.

ఏ సినిమాకు పోవాలన్నది పెద్ద సమస్య అయింది. ప్రేమ సినిమా అయితే పిల్ల చెడిపోయిందంటారు. ఫైటింగు సినిమా అయితే పిల్లవాడు చెడిపోయాడంటారు. చివరకు అప్పుడే వచ్చిన గాడిద సినిమా తేలింది. ఎవరో రాసిన పిల్లల నవలను తీశారు. కుటుంబమంతా కలిసి చూడదగ్గదని గోడల మీద పోస్టర్లు కూడా అంటించారు.

ఆ నవల మా ఇంట్లో ఉంది. విజయలక్ష్మి దాన్ని మా అరుగు మీద కూర్చుని నా పిల్లలకు చదివి వినిపించేది. చాకలి పిల్లవాడి గాడిదను తండ్రి సంతలో అమ్మేస్తాడు. కొన్నవాడల్లా విసుగెత్తి ఇంకొకడికి అమ్ముతాడు. చివరకు గాడిద తన దారి తాను చూసుకుని, దాన్ని వెతకబోయిన పిల్లవాడి కంటే ముందే ఇంటికొచ్చి గడప దగ్గర నిలబడుతుంది. గాడిద గొంతు కూడా విజయలక్ష్మే పెట్టేది. నా పిల్లలు నవ్వి నవ్వి అరుగు మీంచి పడేవారు.

చూపుల వేళకు యాకమ్మకు కండ్ల కలక వచ్చింది. ఆ ఎండాకాలం ఊళ్లో సగం మందికి అదే. ఇంట్లో ఉండమంటే, సినిమా లేకుండా తాను బతకలేనని యాకమ్మ గోల. కలక చూపుతో అంటుకుంటుందని అందరి నమ్మకం. నేను కాలేజీలో జువాలజీ చదివినదాన్ని కనుక, చూపుతో కాదు, చేతులతో, గుడ్డలతో అంటుకుంటుందని చెప్పాను. అంత చదివినా నా ఇద్దరు పిల్లలకూ అంటుకుంది కనుక నా మాట ఎవరూ ఖాతరు చేయలేదు.

"తల దించుకోని కూసో. ఎవ్వరి మొహం దిక్కు చూసినా చంపుత," అని యాకమ్మకు చెప్పి చిన్నమ్మ అందరినీ మ్యాటినీకి బయల్దేరదీసింది. నాలుగు మంచి మాటలు మాట్లాడతానని నన్నూ వెంట తీసుకుంది.

బాల్కనీలో ఒకే వరుస. ఆ చివర వెంకట్రాజం, పక్కన సారంగపాణి, అతని పక్కన మొగిలమ్మ. ఆ తర్వాత విజయలక్ష్మి కూర్చోవాలి. కానీ చీకట్లో కళ్లు కనబడని యాకమ్మ తడుముకుంటూ పోయి మొగిలమ్మ పక్కనే కూలబడింది. దాని పక్కన విజయలక్ష్మి, తర్వాత నేను, చిన్నమ్మ.

నవల తీసిన వాళ్లు నవల చదివినట్టు లేదు. పిల్లవాడి తల్లికి క్షయ తెచ్చారు. ఇంటర్వెల్ కంటే ముందే చంపేశారు. బాల్కనీ అంతా ముక్కులు చీదుతోంది. మొగిలమ్మ సగం తెర వైపు, సగం పిల్లల వైపు తిరిగి కూర్చుని, ఒక కన్నుతో ఏడుస్తూ ఇంకో కన్నుతో లెక్క చూస్తోంది. యాకమ్మ తల ఎత్తడం లేదు. కళ్ల నుంచి ధారలు. విజయలక్ష్మి మాత్రం తల నిటారుగా పెట్టి తెర వైపే చూస్తోంది.

చివర్లో గాడిదను కూడా చంపారు. చచ్చిన గాడిద మెడ పట్టుకుని పిల్లవాడు పాట ఎత్తుకున్నాడు. హాలు హాలంతా గొల్లుమంది. సరిగ్గా అప్పుడు గాడిద చెవి మీద ఈగ వాలింది. గాడిద చెవి ఆడించింది.

కళ్లలో నీళ్లున్న వాళ్లకు అది కనబడే వీలు లేదు. విజయలక్ష్మి కిసుక్కుమంది. నేను చెంగు నోట్లో కుక్కుకున్నాను. అదే క్షణంలో అటు చివర నుంచి ఇంకో నవ్వు లేచి, సగంలోనే ఆగిపోయింది. చూస్తే సారంగపాణి జేబురుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి. కొడుకు ఏడుస్తున్నాడనుకుని మొగిలమ్మ వీపు నిమిరింది. రుమాలు కొంచెం దించి, వంగి ఉన్న రెండు తలల మీదుగా అతను విజయలక్ష్మి వైపు చూశాడు. ఆమె కూడా చూసింది.

మెట్లు దిగేటప్పుడు గుంపులో మా పక్కకు వచ్చాడు.

"చెవి చూసినవా?" అన్నాడు మెల్లగా.

"ఈగ వాలింది," అంది విజయలక్ష్మి.

అంతే మాట్లాడుకున్నారు. కానీ అంతవరకు సంబంధం అంటే వంకర మూతి పెట్టిన పిల్ల, నా చెయ్యి పట్టుకుని, "అక్కా, ఈయన మంచోడే," అంది. చాలామంది పెళ్లిళ్లు ఆ గాడిద చెవంత ఆధారం కూడా లేకుండానే అయ్యాయి, నా పెళ్లితో సహా. నేను తలూపాను.

ఇంటికి పోతే చుట్టుపక్కల వాళ్లు చూస్తారని స్టేషన్ దగ్గరి హోటల్లో ఫ్యామిలీ గదిలో టీ తాగడానికి కూర్చున్నాం. సినిమా మీద ఎవరి అభిప్రాయం వారు చెప్పారు. గాడిదను అంత తొందరపడి అమ్మడం వ్యాపారం తెలియని పని అని వెంకట్రాజం తేల్చాడు. తల్లి బతికి ఉంటే బాగుండేదని చిన్నమ్మ కళ్లొత్తుకుంది. గది గుడ్డతెర అవతలి బల్ల దగ్గర ఎవరో, గాడిద కోసం ఏడ్వడానికి ఇంత దూరం రావాలా, మా ఇంటి ముందే నాలుగున్నాయని అంటున్నాడు. మొగిలమ్మ అటు వైపు కోపంగా చూసింది.

"గిసొంటి సినిమా చూసి కన్నీళ్లు రానోళ్లు మనుషులే గాదు," అని, విజయలక్ష్మి వైపు తిరిగింది. "నీకెట్ల కొట్టింది బిడ్డా?"

నేను బల్ల కింద ఆమె కాలు తొక్కాను. ఆమె సారంగపాణి వైపు చూసి ధైర్యం తెచ్చుకుంది.

"నవలే బాగుంటదత్తమ్మా. అండ్ల గాడిద చావది. మనల్ని ఏడిపియ్యనీకె సినిమల చంపిండ్రు. చంపినంక గూడ అది చెవి ఆడిచ్చింది."

మొగిలమ్మ టీ గ్లాసు దించి కొడుకు వైపు తిరిగింది. "చెవి ఆడిచ్చిందా రా?"

విజయలక్ష్మి అప్పటికే నవ్వు మొహం పెట్టింది, అతను చెప్పబోయే దానికి.

సారంగపాణి గ్లాసులోకి చూశాడు. "నా కండ్ల నిండ నీళ్లుండెనమ్మా. నాకేం కనవల్లేదు."

మొగిలమ్మ యాకమ్మ గడ్డం పట్టి పైకెత్తింది. ఎర్రగా ఉబ్బిన కళ్లు, చెంపల మీద చారికలు. చిన్నమ్మ మాట దాటకూడదని అది కళ్లు గట్టిగా మూసుకుంది.

"అయ్యో, ఎంత ఏడ్సింది తల్లి. తలెత్తి ఒక్క మాట మాట్లాడకపాయె. పిల్లంటె గిట్లుండాలె," అని తన కొంగుతో దాని కళ్లు తుడిచింది. అదే కొంగుతో తన కళ్లూ తుడుచుకుంది. కొడుకు నుదుటి మీద చెమట కూడా తుడిచింది. నేను జువాలజీ గుర్తు చేసుకుంటూ టీ తాగాను.

వారం తిరగకుండా వెంకట్రాజం పరకాల పోయి వచ్చాడు. నేనూ చిన్నమ్మ వాళ్లింటి అరుగు మీద బియ్యం ఏరుతున్నాం.

"ఆ ఇంట్ల తల్లీకొడుకులకు కండ్లు గింత లావు ఉబ్బినయి అక్కా," అన్నాడు. "ఇంక గా సినిమా తల్సుకోని ఏడుస్తాండ్రట."

"అంత మంచి సినిమా మరి," అన్నాను.

లోపల ట్యూషన్ చెబుతున్న విజయలక్ష్మి పకపకా నవ్వడం వినబడింది. వెంకట్రాజం అటు చూసి గొంతు తగ్గించాడు. పెద్దదానికి చదువు ఎక్కువైంది, గుండె తక్కువైంది అన్నారట. చిన్నదాన్ని ఇస్తే చేసుకుంటారట. పిల్లవాడు ఏమన్నాడని చిన్నమ్మ అడిగింది. తల్లి ఇష్టమే తన ఇష్టం అన్నాడట. లోపల నవ్వు ఆగింది.

ఆ సాయంత్రం విజయలక్ష్మి మా వంటింటి గడపలో వచ్చి కూర్చుంది. చిన్నదానివి కన్నీళ్లు కాదు, కలక అని పరకాలకు ఒక్క కార్డు ముక్క రాసి పడేస్తానని చెప్పాను.

"వద్దక్కా. రోగం దాచి పెట్టినమని చెల్లెను గూడ వద్దంటరు."

"నీ సంగతేంది మరి?"

"ఆయన కండ్లల్ల నీళ్లుండెనట గద," అంది. మా చిన్నవాడు వచ్చి నవల చదవమంటే, పుస్తకం పోయిందని చెప్పింది. పుస్తకం ఆమె వెనక గూట్లోనే ఉంది.

మర్నాడు చిన్నమ్మ నా ఎదుటే కూతుర్ని అడిగింది, నీకేం బాధ లేదు కదా అని. లేదంది విజయలక్ష్మి. చిన్నమ్మ ఆమె మొహంలోకి కాసేపు చూసి, ఆమె లోపలికి పోయాక నాతో అంది:

"చూసినవా బిడ్డా, చెల్లెకు పోతాంది సంబంధమంటె గూడ కంట్ల చుక్క రాలలే. ఆ మొగిలమ్మొదినె ఊకె అనలే. నా కడుపుల రాయి పుట్టింది."

యాకమ్మను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. కళ్ల మీద తడిగుడ్డ వేసుకుని అది నిద్రపోతోంది.

శ్రావణంలో పెళ్లయింది. పసుపు దంచింది, రవికెలు కుట్టించింది, వంటవాళ్లతో కొట్లాడింది అంతా విజయలక్ష్మే. అప్పగింతల వేళకు వాకిట్లో పూలు కట్టిన టాక్సీ నిలబడింది. యాకమ్మ కళ్లు అప్పటికి ముత్యాల్లా తేటబడ్డాయి. టాక్సీ ఎక్కడం దానికి అదే మొదలు. దాని చూపంతా టాక్సీ మీదే ఉంది, మొహం వెలిగిపోతోంది.

విజయలక్ష్మి చెల్లెలి తలలో పూలు సవరించబోయి, సవరించలేక, పందిరి గుంజ పట్టుకుంది. పుట్టిందగ్గర నుంచి ఒకే దుప్పటి కింద పడుకున్న పిల్ల అది. పెద్దది గొంతెత్తి ఏడ్చింది. అంత ఏడుపు ఆ మనిషిలో ఉందని వాడకట్టుకు అప్పుడే తెలిసింది.

"ఏడ్వదా మల్ల. చేతిలకొచ్చిన సంబంధం జారె," అంది నా వెనక ఒకావిడ.

"గాడిద చస్తె నవ్విందట. చెల్లె పెండ్లయితె ఏడుస్తాంది," అంది ఇంకొకావిడ.

చిన్నమ్మ విన్నది. కూతురి దగ్గరకు పోబోయినదల్లా ఆగి, పళ్ల బుట్టలు సర్దడం మొదలుపెట్టింది.

మొగిలమ్మకు అదేమీ పట్టలేదు. ఆమె టాక్సీ తలుపు దగ్గర నిలబడి కోడలి మొహంలోకి చూస్తోంది. ఒక కన్ను చూసి ఇంకో కన్ను చూస్తోంది. రెండూ పొడిగానే ఉన్నాయి. ఆమె నొసలు మెల్లగా ముడిపడుతోంది.

సారంగపాణి అది గమనించాడు. గుంజ దగ్గరున్న మనిషి వైపు తల తిప్పలేదు. జేబులోంచి రుమాలు తీసి పెళ్లికూతురి చేతిలో పెట్టి, చెవి దగ్గరకు వంగాడు. పక్కనే ఉన్నాను కనుక నాకు వినబడింది.

"జర ఏడువు. అమ్మ చూస్తాంది."